పెరగమనే మాట, ఆగమనే మాట

రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట చెరువు దాటి కరీంనగర్ వైపు కాస్త ముందుకు పోతే తుర్కపల్లి వస్తుంది. పొద్దున షిఫ్టు వేళకు ఆ దారంతా కంపెనీ బస్సులే. ఇక్కడి భారత్ బయోటెక్ పేరు చెప్పగానే అందరికీ టీకాలు గుర్తొస్తాయి. అదే కంపెనీకి రీజెన్-డీ అనే పైపూత మందు ఒకటుంది. షుగరు జబ్బుతో కాలికి పడిన పుండు నెలల తరబడి మానకపోతే డాక్టర్లు రాస్తారు. ఆ జెల్లులో పనిచేసే అసలు సరుకు ఈజీఎఫ్ అనే చిన్న ప్రొటీను. చర్మకణాలకు అది చెప్పే మాట ఒక్కటే: పెరుగు.

అక్కడికి కొద్ది దూరంలో, అదే మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోని బాచుపల్లిలో డాక్టర్ రెడ్డీస్ వారి బయాలజిక్స్ ప్లాంటు ఉంది. కణితికి 'పెరుగు' అనే కబురు అందకుండా అడ్డం పడే యాంటీబాడీ మందులు ఆ కంపెనీ అమ్ముతోంది. ఒకే జిల్లాలో ఒకచోట పెరగమనే మందు, ఇంకొకచోట పెరుగుదలను ఆపే మందు. కేన్సర్ వైద్యంలో గత నలభై ఏళ్లలో వచ్చిన పెద్ద మార్పు ఈ రెంటి నడుమే ఉంది. ఆ మార్పు ఏమిటి, దాని వల్ల రోగికి నిజంగా దక్కిందేమిటి, మన దాకా రాకుండా ఎక్కడ ఆగింది అన్నది ఈ వ్యాసంలో చూద్దాం.

తూము ఎత్తేదెవరు, దించేదెవరు

మన ఒంట్లో మామూలు కణం తనంతట తాను రెండుగా చీలదు. బయటి నుంచి కబురు రావాలి. ఆ కబురు మోసుకొచ్చే ప్రొటీన్లనే వృద్ధి కారకాలు అంటారు. కబురు అందుకోవడానికి కణం పైపొర మీద రిసెప్టర్లు ఉంటాయి. వాటి తల పొర బయట, తోక పొర లోపల. వృద్ధి కారకం వచ్చి తలను పట్టుకోగానే పక్కపక్కనున్న రెండు రిసెప్టర్లు జతకడతాయి. లోపలి తోకలు ఒకదానికొకటి ఫాస్ఫేటు తగిలించుకుంటాయి. ఈ పని చేసే భాగం పేరు టైరోసిన్ కైనేజ్. అక్కడి నుంచి కబురు రాస్, రాఫ్, మెక్, ఎర్క్ అనే ప్రొటీన్ల వరుసలో చేతులు మారుతూ కేంద్రకానికి చేరుతుంది. పీఐ3కే, ఏకేటీ అనే ఇంకో దారి కూడా ఉంది. అది కణాన్ని చావకుండా కాపాడుతుంది.

చెరువు కింద సేద్యం చేసినవారికి ఇది కొత్త సంగతేమీ కాదు. తూము ఎత్తితే నీరు పారుతుంది, మడి తడిశాక దించేయాలి. ఆరోగ్యంగా ఉన్న కణంలో ఎత్తడానికి ఎంత ఏర్పాటు ఉందో దించడానికీ అంతే ఉంది. తగిలించిన ఫాస్ఫేటును తీసేసే ఎంజైములున్నాయి. పని అయిపోయిన రిసెప్టరును కణమే లోపలికి లాక్కుని జీర్ణం చేసుకుంటుంది. తెగిన వేలు అతుక్కున్నాక అక్కడితో ఆగిపోయేది అందుకే.

కేన్సర్ అంటే ఈ దించే పని పాడవడం. అది పాడయ్యే తీరు ఒకటి కాదు. రిసెప్టర్లు లెక్కకు మించి పుట్టుకురావచ్చు. రిసెప్టరులోనే మ్యుటేషన్ వచ్చి, ఎవరూ తాకకపోయినా అది పనిచేస్తూనే ఉండవచ్చు. రిసెప్టరు బాగానే ఉండి, దాని దిగువనున్న రాస్ బిగుసుకుపోవచ్చు. కణితి తనకు కావలసిన వృద్ధి కారకాన్ని తానే తయారు చేసుకోవచ్చు. పక్కనున్న రక్తనాళాలకు కబురంపి తన దగ్గరికి రప్పించుకోవచ్చు. పైకి చూస్తే అన్నీ గడ్డలే. లోపలి లోపం మాత్రం వేరు వేరు. ఈ ఒక్క సంగతి పట్టుబడితే తర్వాతి కథంతా తేలిగ్గా అర్థమవుతుంది.

ఎలుకపిల్ల కళ్లు తెరిచినప్పుడు

ఈ విద్యకు మొదలు అమెరికాలో, సెయింట్ లూయిస్ నగరంలో. 1950లలో అక్కడ రీటా లెవీ-మోంటాల్చీనితో కలిసి స్టాన్లీ కోహెన్ నరాల పెరుగుదలను పరిశోధిస్తున్నాడు. ఎలుక లాలాజల గ్రంథి రసాన్ని అప్పుడే పుట్టిన ఎలుకపిల్లలకు ఎక్కించినప్పుడు ఒక వింత కనిపించింది. మామూలుగా రెండు వారాలకు గానీ తెరుచుకోని కళ్లు వారానికే తెరుచుకున్నాయి. పళ్లు కూడా ముందే వచ్చాయి. కారణమేమిటా అని కోహెన్ వెతికి వెతికి, 1962లో ఆ ప్రొటీనును వేరుచేసి చూపాడు. అదే ఈజీఎఫ్. అందులో ఉన్నవి 53 అమైనో ఆమ్లాలే. కుక్క తన గాయాన్ని నాకడం మనం రోజూ చూస్తాం. లాలాజలంలో ఈ ప్రొటీను ఉంటుందన్నది కోహెన్ పని తర్వాత తెలిసిన సంగతి. ఆ ఇద్దరికీ 1986లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఈలోగా కేన్సర్ పరిశోధన ఇంకో దారిన నడుస్తోంది. కోళ్లలో, కోతుల్లో కేన్సర్ తెచ్చే కొన్ని వైరసుల జన్యువులను శాస్త్రజ్ఞులు చదువుతున్నారు. 1983లో అలాంటి ఒక జన్యువు మన రక్తంలోని పీడీజీఎఫ్ అనే వృద్ధి కారకానికి దాదాపు నకలు అని తేలింది. 1984లో ఇంకో వైరస్ జన్యువు ఈజీఎఫ్ రిసెప్టరుకు తల తెగిన రూపమని బయటపడింది. తల లేదు కనుక కబురు కోసం అది ఎదురుచూడదు. తోక ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుంది. గాయాన్ని మాన్పే వ్యవస్థే చెడితే కేన్సర్ అవుతుందని తెలిసిన రోజులవి.

అంతకు ముందు కేన్సర్ మందులు ఎలా ఉండేవో తలచుకుంటే తెలుగువాడు ఒకరు గుర్తుకు రాక తప్పదు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనకు నాయకత్వం వహించాడు. ఫోలిక్ ఆమ్లానికి ఎదురుపనిచేసే మందులు ఆయన బృందం తయారుచేసింది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌తో రక్తకేన్సర్ పిల్లలకు కొంతకాలం జబ్బు తగ్గుముఖం పట్టిందని సిడ్నీ ఫార్బర్ 1948లో లోకానికి చెప్పాడు. సుబ్బారావు కన్నుమూసింది ఆ ఏడాదే. ఆ మందుల కుటుంబానికే చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ వార్డుల్లో ఉంది. అది విభజన చెందే ప్రతి కణానికీ దాణా ఆపుతుంది. జుట్టు కుదుళ్లు, నోటి పొర, ఎముక మజ్జ కూడా ఆ దెబ్బ తింటాయి. కొత్త తరం మందులు చేసింది దాణా జోలికి పోకుండా, చెడిన తూము ఏదో వెతికి దాన్నే దించడం.

హెర్-2: ఎక్కువైన రిసెప్టర్లు

ఈ దారిలో మొదటి పెద్ద గెలుపు రొమ్ము కేన్సర్‌లో వచ్చింది. ఈజీఎఫ్ రిసెప్టరుకు తోబుట్టువు లాంటిది హెర్-2. మామూలు కణంలో దాని జన్యువు రెండే ప్రతులు ఉంటాయి. కొందరి కణితుల్లో అవి పదుల కొద్దీ ఉంటాయని, అలాంటి వారిలో జబ్బు త్వరగా తిరగబెడుతుందని డెన్నిస్ స్లామన్ బృందం 1987లో చూపింది. హెర్-2ను పట్టుకునే ట్రాస్టుజుమాబ్ అనే యాంటీబాడీకి 1998లో అమెరికాలో అనుమతి వచ్చింది. జబ్బు ఒళ్లంతా పాకినవారిలో కీమోకు దీన్ని కలిపితే సగటు ఆయువు 20.3 నెలల నుంచి 25.1 నెలలకు పెరిగిందని 2001లో తేలింది. అయిదు నెలల లాభం చిన్నదే అనిపించవచ్చు. కానీ జబ్బు తొలిదశలో ఉండగా, ఆపరేషను తర్వాత ఇచ్చి చూస్తే తిరగబెట్టే ముప్పు దాదాపు సగానికి తగ్గిందని 2005లో వచ్చిన ఫలితాలు చెప్పాయి. ఒకప్పుడు భయంకరమైన రకం అనుకున్న కేన్సర్ ఈనాడు నయమయ్యే అవకాశం ఎక్కువున్న రకాల్లో ఒకటైంది.

ఇది మనకు దూరపు సంగతి కాదు. 2012 నుంచి 2016 వరకు జాతీయ కేన్సర్ రిజిస్ట్రీ కట్టిన లెక్కల్లో రొమ్ము కేన్సర్ రేటు దేశంలోనే ఎక్కువగా కనిపించిన చోట్లలో హైదరాబాద్ జిల్లా ఒకటి. వయసు సవరణ చేశాక లక్ష మంది మహిళలకు 48. రొమ్ము కేన్సర్ వచ్చిన ప్రతి వందమందిలో సుమారు 15 నుంచి 20 మందికి హెర్-2 ఎక్కువగా ఉంటుంది. ఈ మందు వాళ్ల కోసమే. మిగతావారికి ఎక్కిస్తే ఖర్చు, గుండె బలహీనపడే ప్రమాదం మాత్రమే మిగులుతాయి. అందుకే మందు నడిచినన్నాళ్లూ ఎకో పరీక్షలు చేయిస్తారు.

మామూలుగా మూడు వారాలకొకసారి ఏడాది పాటు ఇస్తారు. ఆరు నెలలు చాలదా అని బ్రిటన్‌లో 4 వేల మందికి పైగా రోగుల మీద పరీక్షించి, చాలుతుందని 2019లో చెప్పారు. ఫ్రాన్స్‌లో జరిగిన ఇలాంటి పరీక్ష మాత్రం ఆ మాట తేల్చలేకపోయింది. ఏడాది ఖర్చు భరించలేక మధ్యలో మానేసే కుటుంబాలున్న మన దేశంలో ఇది పుస్తకాల చర్చ కాదు. ఏడాది కుదరని చోట ఆరు నెలలైనా పూర్తి చేయించడం ఏమీ ఇవ్వకపోవడం కంటే ఎంతో మేలని ఆ ఫలితాలు ధైర్యం ఇస్తున్నాయి.

ఊపిరితిత్తులు నేర్పిన పాఠం

ఈజీఎఫ్ రిసెప్టరు మీద పనిచేసే గెఫిటినిబ్ మాత్రకు 2003లో అమెరికాలో అనుమతి వచ్చినప్పుడు ఎవరికి ఇవ్వాలో ఎవరికీ సరిగ్గా తెలియదు. కొందరు రోగులు వారాల్లో లేచి తిరిగారు, ఎక్కువమందిలో ఏ మార్పూ లేదు. మరుసటి ఏడాదే గుట్టు తెలిసింది. లేచి తిరిగినవారి కణితుల్లో ఆ రిసెప్టరుకు ప్రత్యేకమైన మ్యుటేషన్లు ఉన్నాయి. పొగ తాగనివారిలో, ఆడవారిలో, ఆసియా వారిలో అవి ఎక్కువ. మన దేశంలో ఊపిరితిత్తుల అడినోకార్సినోమా వచ్చినవారిలో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా ఇవి కనిపిస్తాయి.

2009లో వెలువడిన ఐపాస్ పరీక్ష ఈ శాస్త్రానికే మూలస్తంభం లాంటిది. ఆసియా దేశాల్లో 1,217 మంది రోగుల్లో గెఫిటినిబ్‌ను కీమోతో పోల్చారు. మ్యుటేషన్ ఉన్నవారికి మాత్ర మేలు చేసింది. మ్యుటేషన్ లేనివారిలో మాత్ర వేసుకున్నవారి జబ్బు ఒకటిన్నర నెలలకే ముదిరింది, కీమో తీసుకున్నవారికి అయిదున్నర నెలలు పట్టింది. అంటే మంచి మందే, తగని మనిషికి ఇస్తే చెరుపు చేసింది. పరీక్ష చేయకుండా 'ఒకసారి వేసి చూద్దాం' అని రాసే మాత్ర రోగి చేతిలోని విలువైన నెలలను తినేస్తుందని చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

కణితి కూడా ఊరుకోదు. ఏడాది తిరిగేసరికి చాలామందిలో మందు పట్టు తప్పుతుంది. సగానికి పైగా రోగుల్లో టీ790ఎం అనే కొత్త మ్యుటేషన్ వచ్చి, మాత్ర కూర్చునే చోటును మార్చేస్తుంది. దానికి విరుగుడుగా 2015లో ఒసిమెర్టినిబ్ వచ్చింది. దాన్నే మొదటి మందుగా వాడితే జబ్బు ఆగి ఉండే కాలం 10.2 నెలల నుంచి 18.9 నెలలకు పెరిగిందని 2018లో తేలింది. ఆ తర్వాత దానికీ లొంగని కణాలు పుడుతున్నాయి. ఒక దారి మూస్తే మెట్ అనే ఇంకో రిసెప్టరు ద్వారా కబురు పోతుంది. ఈ పోరులో ఒక్క దెబ్బతో తీరే గెలుపు అరుదు.

పెద్దపేగు కేన్సర్‌లోనూ ఇదే పాఠం. అక్కడ రిసెప్టరుకు అడ్డంపడే సెటుక్సిమాబ్‌ను 2004 నుంచి వాడుతున్నారు. దిగువనున్న కే-రాస్ చెడిపోయినవారికి అది ఏమాత్రం పనిచేయదని 2008లో స్పష్టమైంది. పెద్దపేగు కేన్సర్ రోగుల్లో దాదాపు 40 శాతం మంది అలాంటివారే. కట్ట దిగువన తెగితే పైన తూము దించి ఏం లాభం? ఆ రాస్‌ను నేరుగా పట్టే మందు కోసం నాలుగు దశాబ్దాలు తిప్పలు పడితే, ఒకే ఒక్క రకం మ్యుటేషనుకు పనికొచ్చే సోటోరాసిబ్ 2021లో చేతికొచ్చింది.

నోటి కేన్సర్: మన సొంత సమస్య

గుట్కా, ఖైనీ, చుట్ట, బీడీ మన దేశానికి ఇచ్చిన జబ్బు తల, మెడ కేన్సర్. ఈ కణితుల్లో అత్యధిక శాతం ఈజీఎఫ్ రిసెప్టరును మితిమీరి మోస్తాయి. క్యూబా శాస్త్రజ్ఞులు తయారుచేసిన నిమోటుజుమాబ్‌ను బెంగళూరులోని బయోకాన్ 2006లో మన దేశంలో విడుదల చేసింది. సిస్ప్లాటిన్, రేడియేషన్‌లకు దాన్ని కలిపితే జబ్బు అదుపులో ఉండే కాలం పెరుగుతుందని ముంబై టాటా మెమోరియల్ ఆసుపత్రి 536 మంది రోగులతో చేసిన పరీక్షలో 2019లో చూపింది.

అదే టాటా ఆసుపత్రి వైద్యులు జబ్బు బాగా ముదిరిన పేద రోగుల కోసం నోటితో వేసుకునే మాత్రల కలయిక ఒకటి రూపొందించారు. అందులో ఉన్నవి మూడు: మెథోట్రెక్సేట్, సెలికాక్సిబ్, ఎర్లోటినిబ్. మొదటిది సుబ్బారావు వారసత్వం. మూడోది ఈజీఎఫ్ రిసెప్టరు కైనేజ్‌ను మూసే మాత్ర. పాత తరం, కొత్త తరం ఒకే చీటీ మీద పక్కపక్కన నిలిచాయి. కొత్తదొచ్చిందని పాతదాన్ని పారేయనక్కర్లేదని, చౌక వైద్యం అంటే నాసిరకం వైద్యం కాదని ఈ కలయిక చెబుతోంది.

రక్తనాళాలు, ఒక చారిత్రక తీర్పు

కణితి రవ్వంత దాటి పెరగాలంటే దానికి రక్తం కావాలి. అందుకు కొత్త రక్తనాళాలను అది రప్పించుకుంటుందని జుడా ఫోక్‌మన్ 1971లో అన్నప్పుడు నమ్మినవారు తక్కువ. ఆ కబురు మోసేది వీఈజీఎఫ్ అనే వృద్ధి కారకమని 1989లో తెలిసింది. దాన్ని పట్టుకునే బెవాసిజుమాబ్ 2004లో వచ్చింది. పెద్దపేగు కేన్సర్‌లో ఆయువు 15.6 నెలల నుంచి 20.3 నెలలకు పెంచింది. రొమ్ము కేన్సర్‌లో మాత్రం ఆయువు పెరగలేదని తేలి, 2011లో అమెరికా ఆ అనుమతిని వెనక్కి తీసుకుంది. లాభం లేదని తెలిసినప్పుడు ఇచ్చిన అనుమతిని రద్దు చేయడం కూడా వైద్యశాస్త్రానికి గౌరవమే.

కాలేయ కేన్సర్‌కు వాడే సొరాఫెనిబ్ మాత్ర వీఈజీఎఫ్, పీడీజీఎఫ్ రిసెప్టర్లతో పాటు రాఫ్‌ను కూడా ఆపుతుంది. ఈ మందు చుట్టూ జరిగిన పోరాటం హైదరాబాద్ పేరును ప్రపంచ ఔషధ చరిత్రలో రాసింది. బేయర్ కంపెనీ నెక్సావర్ పేరుతో నెలకు సరిపడే 120 మాత్రలు 2,80,428 రూపాయలకు అమ్మేది. హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఫార్మా అదే మందును నెలకు 8,880 రూపాయలకు ఇస్తానని పేటెంటు చట్టంలోని 84వ సెక్షను కింద దరఖాస్తు పెట్టింది. 2012 మార్చి 9న పేటెంట్ల కంట్రోలర్ పీ.హెచ్. కురియన్ అనుమతించారు. పేటెంటుదారు ఒప్పుకోకపోయినా మందు చేసుకోనిచ్చే కంపల్సరీ లైసెన్సు మన దేశంలో ఇచ్చింది అదే మొదటిసారి. మందు ధర ప్రజలకు అందుబాటులో లేదని, అవసరమైనంత మందికి అది చేరడం లేదని, దేశంలో దాన్ని తయారు చేయడం లేదని మూడు కారణాలు చూపారు. పేటెంటుదారుకు 6 శాతం రాయల్టీ ఇమ్మన్నారు. 2013లో అప్పీలేట్ బోర్డు దాన్ని 7 శాతం చేసి లైసెన్సును ఖాయపరిచింది. 2014 డిసెంబరులో సుప్రీంకోర్టు బేయర్ పిటిషను కొట్టేసింది. శామీర్‌పేటలోనే ఉన్న నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం విద్యార్థులు మొదలుకొని ప్రపంచంలో పేటెంటు చట్టం చదివే ఎవరైనా ఈ కేసు చదవాల్సిందే.

రక్తకేన్సర్ మందు ఇమాటినిబ్ విషయంలోనూ నాట్కో 2003లోనే వీనాట్ పేరుతో చౌక మందు తెచ్చింది. పేటెంటు కోసం నోవార్టిస్ నడిపిన కేసును 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ మందు చెడిన కైనేజ్‌ను మూసి, ప్రాణాంతకమైన జబ్బును రోజూ మాత్రతో నెట్టుకొచ్చే జబ్బుగా మార్చింది.

ఇక్కడ ఒక నిజం నొక్కి చెప్పాలి. సొరాఫెనిబ్ పెంచిన సగటు ఆయువు 7.9 నెలల నుంచి 10.7 నెలలకు మాత్రమే. ధర తగ్గడం న్యాయం, కానీ తగ్గిన ధర మందు శక్తిని పెంచదు. 2020లో కాలేయ కేన్సర్‌లో బెవాసిజుమాబ్‌కు అటెజోలిజుమాబ్ జోడిస్తే ఫలితం ఇంకా మెరుగని తేలింది.

బాచుపల్లి బాట

మాత్రను నకలు చేయడం రసాయనశాస్త్రం. యాంటీబాడీని నకలు చేయడం సేద్యం లాంటిది. బతికున్న కణాలను పెద్ద ట్యాంకుల్లో పెంచి వాటి చేత మందు చేయించాలి. వేడి, గాలి, మేత ఏ కొంచెం తేడా వచ్చినా సరుకు మారుతుంది. అందుకే వీటిని జనరిక్ అనకుండా బయోసిమిలర్ అంటారు. డాక్టర్ రెడ్డీస్ 2007లో రెడిటక్స్ పేరుతో తెచ్చిన రిటుక్సిమాబ్ ప్రపంచంలోనే ఆ మందుకు మొదటి బయోసిమిలర్. ట్రాస్టుజుమాబ్ బయోసిమిలర్‌ను మొదట బయోకాన్, మైలాన్ కలిసి 2014లో మన మార్కెట్లోకి తెచ్చాయి. తర్వాత డాక్టర్ రెడ్డీస్ సహా చాలా కంపెనీలు వచ్చాయి. బెవాసిజుమాబ్‌ను డాక్టర్ రెడ్డీస్ 2019లో వెర్సావో పేరుతో విడుదల చేసింది. ట్రాస్టుజుమాబ్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. 2019 ఫిబ్రవరిలో కేంద్రం 42 కేన్సర్ మందుల మీద అమ్మకపు లాభాన్ని 30 శాతానికి కట్టడి చేసింది. 2024 బడ్జెట్లో ఒసిమెర్టినిబ్ సహా మూడు మందులకు కస్టమ్స్ సుంకం తీసేశారు.

వృద్ధి కారకాలను శత్రువులుగానే చూడటం తప్పని కూడా ఈ ప్రాంతమే చెబుతుంది. కీమో తర్వాత తెల్లకణాలు పడిపోతే రోగి జ్వరంతో ప్రాణం మీదికి తెచ్చుకుంటాడు. అప్పుడిచ్చే జీ-సీఎస్ఎఫ్ ఇంజెక్షను ఒక వృద్ధి కారకమే. డాక్టర్ రెడ్డీస్ 2001లో తెచ్చిన గ్రాఫీల్ అదే. అయితే ఎర్రకణాలను పెంచే ఎరిత్రోపోయెటిన్ కేన్సర్ రోగుల్లో ఆయువు తగ్గించవచ్చని 2007లో అమెరికా హెచ్చరిక జారీచేసింది. పుండ్ల మీద రాసే పీడీజీఎఫ్ జెల్లుకు 2008లో కేన్సర్ హెచ్చరిక పెట్టి, తర్వాతి పరిశీలనలు చూసి 2018లో తీసేశారు. ఏళ్ల తరబడి మానని పుండు తానే కేన్సర్ అయి ఉండవచ్చు. అలాంటి దానిమీద పెరగమనే మందు రాసే ముందు చిన్న ముక్క తీసి పరీక్ష చేయించడం వైద్యుడి కనీస ధర్మం.

అసలు లోటు గాజు పలక మీద ఉంది

మందు ఇంత దగ్గరికి వచ్చింది. మరి పరీక్ష?

హెర్-2 పరీక్షను దగ్గరగా చూద్దాం. గడ్డలోంచి తీసిన ముక్కను మైనంలో పోసి, వెంట్రుక కంటే పలచని పొరగా కోసి గాజు పలక మీద పరుస్తారు. హెర్-2ను అంటుకునే రంగు వేస్తారు. మైక్రోస్కోపు కింద ప్రతి కణం చుట్టూ ముదురు గోధుమరంగు వలయం పూర్తిగా, తేనెపట్టు గదుల్లా కనిపిస్తే స్కోరు మూడు. మందు ఇవ్వాలి. వలయం లేకపోతే, అక్కడక్కడా లీలగా ఉంటే సున్నా లేదా ఒకటి. మధ్యరకమైతే రెండు. అప్పుడు జన్యువు ప్రతులను లెక్కపెట్టే ఫిష్ పరీక్ష చేయాలి.

ఆ వలయం నిజం చెప్పాలంటే ముక్క ఒంట్లోంచి బయటికొచ్చిన గంటలోపే పది శాతం బఫర్డ్ ఫార్మలిన్‌లో పడాలి. ముక్క పూర్తిగా మునిగి, దాని చుట్టూ ద్రవం సమృద్ధిగా ఉండాలి. ఆరు గంటలకు తక్కువ కాకుండా, 72 గంటలకు మించకుండా అందులో నానాలి. సాయంత్రం ఆపరేషనైన ముక్క మర్నాటి దాకా సెలైన్‌లో ఉండిపోయినా, ఇరుకు సీసాలో కుక్కినా, పండక్కి ల్యాబు మూసి ఉంటే వారం నానినా ప్రొటీను చెడుతుంది. వలయం చెరిగిపోతుంది. రిపోర్టు నెగటివ్ అని వస్తుంది. కొద్దిపాటి ఫార్మలిన్, ఒక వెడల్పు మూతి సీసా, చీటీ మీద రాసిన రెండు సమయాలు. ఇవి లేక ఒక తల్లి తనకు పనిచేసే మందును శాశ్వతంగా పోగొట్టుకుంటుంది. ఆ సంగతి ఆమెకు ఎప్పటికీ తెలియదు.

ఆరోగ్యశ్రీ 2007లో మొదలైంది. 2023 డిసెంబరులో తెలంగాణలో ఆ పథకం కింద కుటుంబానికి వైద్య సాయం పరిమితి 10 లక్షలకు పెరిగింది. 1955 నుంచి ఎం.ఎన్.జె. కేన్సర్ ఆసుపత్రి, 2000 నుంచి బసవతారకం ఆసుపత్రి లక్షలమందికి ఆసరాగా ఉన్నాయి. కానీ ముక్క మొదట బయటికొచ్చేది అక్కడ కాదు. జిల్లా ఆసుపత్రిలో, చిన్న నర్సింగ్ హోములో. గెలుపోటములు తేలిపోయేది ఆ మొదటి గంటలోనే.

సంకేతం చెడకముందే

మందుల చరిత్రలో ఈ ప్రాంతం చేసిన అతిపెద్ద కేన్సర్ సేవ నిజానికి మందు కాదు. కే.ఐ. వరప్రసాద్ రెడ్డి 1993లో స్థాపించి, మేడ్చల్ దగ్గర ప్లాంటు పెట్టిన శాంతా బయోటెక్నిక్స్ 1997 ఆగస్టులో షాన్‌వాక్-బీ విడుదల చేసింది. జన్యు సాంకేతికతతో మన దేశంలో తయారైన మొదటి హెపటైటిస్-బీ టీకా అది. కాలేయ కేన్సర్‌కు ప్రధాన కారణాల్లో ఒకటైన వైరసును అది అడ్డుకుంటుంది. ధర దిగొచ్చింది. 2011 నాటికి హెపటైటిస్-బీ టీకా దేశమంతటా పిల్లల టీకాల కార్యక్రమంలో చేరింది. నెక్సావర్ కేసు గెలిచినా ఒక రోగికి సగటున దక్కేది మూడు నెలలు. పుట్టిన బిడ్డకు టీకా పడితే దక్కేది నిండు జీవితం.

అలాగే మేడ్చల్ మండలం పల్లెల్లో మెడిసిటీ వైద్య సంస్థ, షేర్ ఇండియా పరిశోధన సంస్థల బృందాలు అమెరికా జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులతో కలిసి గర్భాశయ ముఖద్వార కేన్సర్‌ను ముందే పట్టే మూడు పద్ధతులను పోల్చి చూశాయి. ఎసిటిక్ ఆమ్లం పూసి కంటితో చూడటం, పాప్ పరీక్ష, ఆ కేన్సర్ తెచ్చే హెచ్‌పీవీ వైరసు డీఎన్ఏ పరీక్ష. ఆ ఫలితాలు 2010లో అచ్చయ్యాయి. ఆడవాళ్లు తమ నమూనా తామే తీసుకుని ఇచ్చినా పనికొస్తుందా అని కూడా ఇక్కడే పరీక్షించారు. ఈ హెచ్‌పీవీకి ఈ-5 అనే ప్రొటీను ఒకటుంది. అది ఈజీఎఫ్ రిసెప్టరు జీర్ణం కాకుండా కాపాడి, పెరగమనే కబురును సాగదీస్తుంది. వైరసు కూడా ఆ తూము దగ్గరే చెయ్యి పెడుతుంది.

అంతా కలిపి చూస్తే తేలేది ఇది. వృద్ధి సంకేతాల మీద పనిచేసే మందులు కేన్సర్ వైద్యాన్ని నిజంగా మార్చాయి. హెర్-2 రొమ్ము కేన్సర్‌లో, ఇమాటినిబ్ రక్తకేన్సర్‌లో ఆ మార్పు ప్రాణం పోసేంత పెద్దది. ఊపిరితిత్తుల్లో ఏళ్లు ఇచ్చేంతది. కాలేయంలో, ముదిరిన పేగు కేన్సర్‌లో నెలలు ఇచ్చేంతది. చాలాచోట్ల షరతు ఒక్కటే: ఏ తూము చెడిందో ముందు తెలియాలి. మందు చేయడంలో మన ప్రాంతం ప్రపంచంతో సమానంగా నిలబడింది. చెడిన తూమును పట్టడంలో మన చిన్న ఆసుపత్రులు ఇంకా వెనకే ఉన్నాయి. ఆ లోటు తీర్చడానికి కొత్త శాస్త్రం అక్కర్లేదు. ప్రతి ఆపరేషన్ థియేటర్లో సరైన ఫార్మలిన్, ప్రతి జిల్లాకు నమ్మకమైన పాథాలజీ ల్యాబు, మందుతో పాటు పరీక్షకు కూడా డబ్బు కట్టే పథకం ఉంటే చాలు.

మీ ఇంట్లో ఎవరికైనా గడ్డ తీస్తే డాక్టరు గారిని రెండు మాటలు అడగండి. ముక్కను ఎన్ని గంటలకు ఫార్మలిన్‌లో వేశారు? రొమ్ము కేన్సరైతే హెర్-2, ఊపిరితిత్తులదైతే ఈజీఎఫ్ రిసెప్టరు (ఈజీఎఫ్ఆర్) పరీక్ష చేశారా? సిగ్గుపడకండి, భయపడకండి. ముక్కను పోసి ఉంచిన పారాఫిన్ మైనపు దిమ్మను, రిపోర్టును రేషన్ కార్డులా భద్రంగా దాచుకోండి. రేపు రాబోయే మందుకు తాళంచెవి అందులోనే ఉంది.